తిరుపతిలో 41, తిరుమలలో 33, కాలి కింద 60: ఒకే ఎండకు ఇన్ని అంకెలు ఎందుకు?

సంక్షిప్తంగా: థర్మామీటరు చెప్పేది గాలి ఎంత వేడెక్కిందో మాత్రమే. ఒంట్లోకి ఎంత వేడి చేరుతోంది, ఎంత బయటికి పోతోంది అన్నది గాలిలోని తేమ, నేరుగా పడే ఎండ, కాలి కింది నేల, రాత్రి మిద్దె వదిలే సెగ కలిసి తేలుస్తాయి. కొండ మీద చల్లగా ఉండటానికి, మాడ వీధుల్లో తెల్ల రంగు వేయడానికి, కూలర్ ఒక ఊళ్లో పనిచేసి మరో ఊళ్లో చేయకపోవడానికి మూలం ఈ లెక్కే.

ఏటా ఏప్రిల్ దాటగానే తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే పంచాయితీ నడుస్తుంది. ఒకరి ఫోన్ 41 డిగ్రీలు అంటుంది, దాని కిందే చిన్న అక్షరాల్లో ‘ఫీల్స్ లైక్ 44’ అని ఉంటుంది. రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో ఆగిన కారు 46 చూపిస్తుంది. రాత్రి టీవీ వార్తల్లో మాత్రం 40.5. ఇంతలో కొండ మీదున్న బంధువు ‘ఇక్కడ 33, హాయిగా ఉంది’ అని ఫొటో పెడతాడు. అసలు ఎండ ఎంత, ఎవరు తగ్గించి చెబుతున్నారు అన్న అనుమానం అక్కడ మొదలవుతుంది.

ఎవరూ తగ్గించి చెప్పడం లేదు. ఒక్కో అంకె ఒక్కో సంగతిని కొలుస్తోంది, అంతే. ఉష్ణోగ్రత వేరు, వేడి వేరు అని హైస్కూల్లో అందరూ చదివినదే. పరీక్ష అయిపోయాక ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. ఎండాకాలంలో మాత్రం ఆ తేడాతోనే పని.

## నీడలో కొలిచే అంకె

వాతావరణ శాఖ ప్రకటించేది గాలి ఉష్ణోగ్రత. పక్కలకు రెక్కల సందులున్న తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల పైన థర్మామీటరు పెడతారు. దీన్ని స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. దానికి ఎండ నేరుగా తగలదు, గాలి మాత్రం బాగా ఆడుతుంది. ప్రపంచమంతా ఇంచుమించు ఇదే పద్ధతి. థర్మామీటరును ఎండలో పెడితే అది గాలిని కొలవడం మానేసి తనను తానే కొలుచుకుంటుంది. అప్పుడు నల్ల బల్బుకు ఒక అంకె, మెరిసే బల్బుకు మరో అంకె వస్తుంది. ఊరికీ ఊరికీ పోల్చాలంటే నీడే దిక్కు.

కారు సెన్సర్ సాధారణంగా ముందు బంపర్ దగ్గర ఉంటుంది. కింద తారు, పక్కన ఇంజిన్ సెగ. బండి కదులుతుంటే కాస్త నయం, సిగ్నల్ దగ్గర ఆగితే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపడం మామూలే. ఫోన్‌లోని అంకె చాలా యాప్‌లలో ఆ వీధిలో కొలిచింది కాదు. దగ్గర్లోని కేంద్రాల రీడింగులు, కంప్యూటర్ నమూనాలు కలిపి కట్టిన అంచనా. ‘ఫీల్స్ లైక్’ అన్నది మరో లెక్క, దాని సంగతి తేమ దగ్గర వస్తుంది.

వడగాడ్పుల ప్రకటన కూడా ఈ నీడలోని అంకె మీదే ఆధారపడుతుంది. భారత వాతావరణ శాఖ ప్రమాణం ప్రకారం మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాలి, ఆ రోజుకు మామూలుగా ఉండాల్సిన దానికంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. 45 దాటితే పోలికతో పని లేకుండా వడగాడ్పే. కొండ ప్రాంతాలకు ఈ కనీస అంకె 30, కోస్తాకు 37. అందుకే చిత్తూరులో 40 ఉన్నా ఒక్కోసారి హెచ్చరిక రాదు. మే నెలలో అక్కడ అది మామూలే కాబట్టి. ఒంటికి అది మామూలేనా అన్నది ఈ నిర్వచనం అడిగే ప్రశ్న కాదు.

## సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఏప్రిల్‌లో

తిరుపతి ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరంగా 13.6 డిగ్రీల దగ్గర. దీనివల్ల సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజులు ఏడాదికి రెండు: ఏప్రిల్ 26 ప్రాంతంలో ఒకటి, ఆగస్టు 16 ప్రాంతంలో మరొకటి. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఎండ కోణం ఒక్కటే లెక్కయితే ఈ రెండు రోజులూ సమానంగా మండాలి. కానీ ఏప్రిల్ చివర మాడు పగులుతుంది, ఆగస్టు నడుమ మబ్బుపట్టి ముసురుకుంటుంది. ఇక అసలైన కత్తిరి ఎండలు మేలో కదా వచ్చేది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట కూడా మే చివరి వారానిదే.

మేలో ఎండ ముదిరేది సూర్యుడి దూరం వల్ల కాదు. భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. దూరంగా ఉండేది జూలై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. అంటే సంక్రాంతి చలిలో సూర్యుడు మనకు యాభై లక్షల కిలోమీటర్లు దగ్గర!

కారణం నేలలో ఉంది. మబ్బులేని మధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేల మీద పడే ఎండ దాదాపు 1,000 వాట్లు. చదరపు మీటరుకో ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి పెట్టినట్టన్నమాట. ఆ శక్తి నేలను చేరాక ఎలా ఖర్చవుతుందన్నదే ప్రశ్న. నేలలో తడి ఉంటే అందులో పెద్ద వాటా నీటిని ఆవిరి చేయడానికి పోతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు కావాలి. చదరపు మీటరు నేల నుంచి, చెట్ల ఆకుల నుంచి రోజుకు అయిదు లీటర్లు ఆవిరైతే, ఆ రోజు అక్కడ పడిన ఎండలో సగం దాకా దానికే సరిపోతుంది. గాలిని కాల్చడానికి మిగిలేది తక్కువ.

మే నాటికి ఈ ప్రాంతంలో చెరువులు అడుగంటుతాయి, వేరుశనగ చేలు బీళ్లుగా ఉంటాయి, ఎర్రనేల పైపొర పొడిపొడిగా ఉంటుంది. ఆవిరి చేయడానికి నీళ్లే లేకపోతే వచ్చిన ఎండంతా నేలను, నేల తనను ఆనుకున్న గాలిని వేడెక్కిస్తాయి. పైగా పగలు వచ్చిన వేడి మొత్తం రాత్రికి పోదు. కొంత మిగిలి మరునాటికి కలుస్తుంది. రోజు లెక్కలోనూ ఇదే ఆలస్యం కనిపిస్తుంది. ఎండ తీవ్రత పన్నెండుకు పతాక స్థాయిలో ఉంటే, గాలి ఉష్ణోగ్రత రెండు మూడు గంటలకు ఆ స్థాయికి వస్తుంది. ఆగస్టులో సూర్యుడు అదే చోట ఉన్నా మబ్బు ఎండను ఆపుతుంది, తడినేల మిగిలిన దాన్ని ఆవిరి మీద ఖర్చు పెడుతుంది.

మే సాయంత్రాల్లో మామిడి తోటల మీద పడే గాలివానకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పొడిగాలిలోంచి పడే చినుకులు దారిలోనే కొంత ఆవిరవుతాయి. ఆ ఆవిరికి కావలసిన వేడి చుట్టూ ఉన్న గాలి ఇస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి దూకి నేల మీద అన్ని వైపులా పరుచుకుంటుంది. వాన పడకముందే వచ్చే ఆ చల్లటి ఈదురుగాలే తోతాపురి కాయలను రాల్చి రైతును ముంచేది. ఊళ్లో వాళ్లకు మాత్రం అదే గాలి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

రోళ్ల మాటకొస్తే, రాయి ఒక డిగ్రీకి తన పొడవులో లక్షవ వంతు కూడా వ్యాకోచించదు. 40 డిగ్రీలు వేడెక్కినా మీటరు రాయి పెరిగేది మిల్లీమీటరులో మూడో వంతే. అయినా పైభాగం కాలి, లోపల చల్లగా ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి తేడాయే రాతిలో ముందే ఉన్న బీటలను వెడల్పు చేస్తుంది. సామెత మరీ గాలికబురేం కాదు.

## కొండ మీద చల్లదనం ఎక్కడిది

తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది, తిరుమల సుమారు 970 మీటర్ల ఎత్తున. నడుమ ఎనిమిది వందల మీటర్ల తేడా. కొండ సూర్యుడికి దగ్గర కదా, అక్కడ ఎక్కువ వేడి ఉండాలి కదా అని పిల్లలు అడుగుతారు. పెద్దలు అడవి వల్ల చల్లగా ఉంటుందని చెప్పి ఊరుకుంటారు. అడవి పాత్ర కొంత ఉంది. అసలు కారణం గాలి పీడనం.

ఎండ గాలిని నేరుగా వేడెక్కించేది తక్కువ. గాలిలోంచి దూసుకొచ్చి నేలను తాకి, నేల ద్వారా కిందినుంచి గాలిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడమంటే చుట్టూ ఉన్న గాలిని పక్కకు నెట్టడం, అది పనే. ఆ పనికి శక్తి బయటినుంచి రాదు, గాలి తన వేడిలోంచే ఖర్చు పెట్టుకుంటుంది. అలా పొడిగాలి కిలోమీటరు పైకి పోతే సుమారు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. ఎనిమిది వందల మీటర్లకు దాదాపు 8. కింద 41 ఉన్న పొడి మధ్యాహ్నం పైన 33 అన్నది అందుకే నమ్మదగ్గ మాట.

అయితే ఈ 8 అన్ని వేళలా ఉండదు. వానాకాలంలో గాలి తేమతో నిండి ఉంటుంది. పైకి లేచేటప్పుడు ఆ తేమ మబ్బుగా మారుతూ ఆవిరిలో దాగిన వేడిని వదులుతుంది. దాంతో చల్లబడే వేగం ఇంచుమించు సగానికి పడిపోతుంది. తెల్లవారుజామున కూడా తేడా తగ్గుతుంది. రాత్రంతా నేల చల్లబడి, బరువైన చల్లగాలి పల్లంలో పేరుకుంటుంది. కాబట్టి కొండకు, ఊరికి మధ్య అంతరం బాగా కనిపించేది మండుటెండలోనే.

ఎత్తు ఉన్నంత మాత్రాన చల్లదనం వస్తుందనీ చెప్పలేం. చిత్తూరు సుమారు 330 మీటర్లు, మదనపల్లె సుమారు 700, ఆ పక్కనే హార్సిలీ హిల్స్ 1,265. తిరుమలకూ మదనపల్లెకూ ఎత్తులో తేడా మూడు వందల మీటర్లకు లోపే. అయినా మే మధ్యాహ్నం మదనపల్లె తిరుమలంత చల్లగా ఉండదు. మదనపల్లె ఉన్నది విశాలమైన పీఠభూమి మీద. అక్కడి నేలే ఎండకు కాలి తన పైనున్న గాలిని వేడెక్కిస్తుంది. తిరుమల, హార్సిలీ హిల్స్ లాంటివి చుట్టూ పల్లం ఉన్న శిఖరాలు. వాటి మీద వీచేది చాలావరకు నేల వేడి అంతగా సోకని, ఆ ఎత్తులోని గాలే. ఇదే ప్రాంతంలో, తిరుపతి చిత్తూరు దారిలోని గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ పైవాతావరణంలోని గాలుల కదలికలను గమనిస్తుంది. ఒకే జిల్లా నెత్తిన ఎన్ని పొరల గాలి ఎన్ని దిక్కులకు కదులుతుందో తెలిసేది ఇలాంటి పరికరాలతోనే.

పీడనం తగ్గిన గుర్తులు ఘాట్ రోడ్డులోనే కనిపిస్తాయి. చెవులు దిబ్బడ వేస్తాయి, సంచిలోని చిప్స్ ప్యాకెట్ ఉబ్బుతుంది. తిరుమలలో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే పది శాతం పైచిలుకు తక్కువ. నీళ్లు 100కు బదులు 97 డిగ్రీల లోపే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు ఉడకడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, కుక్కర్ వాడితే ఆ తేడా పెద్దగా తెలియదు.

## రాయి కాలుస్తుంది, చాప కాల్చదు

చెప్పులు లేకుండా నడిచే చోట వేడి లెక్క మారిపోతుంది. శ్రీవారి ఆలయం చుట్టూ ఉన్న మాడ వీధుల్లో ఎండాకాలం తెల్లటి కూల్ పెయింట్ వేయడం, నడిచే దారిలో పట్టాలు పరచడం, నీళ్లు చల్లడం అందరూ చూసేదే. మూడింటి పనితీరు మూడు రకాలు.

నల్లరాతి పలక, దాని మీద పరిచిన మందపాటి కొబ్బరిపీచు చాప రెండూ ఒకే ఎండలో 60 డిగ్రీలకు చేరాయనుకుందాం. రాతి మీద పెట్టిన పాదం మరుక్షణమే ఎగురుతుంది, చాప మీద పెట్టినది నిలబడుతుంది. థర్మామీటరు రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. చర్మం మాత్రం ఆ అంకెను చదవదు. తనకూ ఆ వస్తువుకూ మధ్య ఏర్పడే ఉష్ణోగ్రతను మాత్రమే అది గ్రహిస్తుంది. ఆ మధ్యస్థ ఉష్ణోగ్రత ఎవరి వైపు మొగ్గాలన్నది వేడిని ఎవరు త్వరగా అందించగలరు, ఎవరి దగ్గర నిల్వ ఎక్కువ అన్నదాన్ని బట్టి తేలుతుంది. గ్రానైట్ వేడిని కర్ర కంటే పదిహేను ఇరవై రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుంది, బరువు కూడా ఎక్కువ. లెక్క వేస్తే 60 డిగ్రీల గ్రానైట్ మీద 34 డిగ్రీల చర్మం ఆనినప్పుడు కలిసే చోట సుమారు 51 వస్తుంది. అదే వేడిలోని కర్రపలక మీద 40 మాత్రమే. 43, 44 డిగ్రీల దగ్గర చర్మానికి మంట మొదలవుతుంది. ఒకటి ఆ గీతకు పైన, రెండోది కింద. పీచు చాపలో సందుల నిండా గాలే కాబట్టి అది కర్ర కంటే మెరుగు.

డిసెంబరు తెల్లవారుజామున అదే రాయి మంచుగడ్డలా అనిపించేదీ ఇందుకే. అప్పుడు వేడి పాదంలోంచి రాతిలోకి అంతే వేగంగా పారుతుంది.

తెల్ల రంగు పని వేరు. అది రాతి గుణాన్ని మార్చదు, వేడిని లోపలికి రానివ్వదు. కొత్త తారు తన మీద పడిన ఎండలో తొంభై శాతానికి పైగా మింగేస్తుంది. మంచి తెల్ల పూత అందులో డెబ్భై, ఎనభై శాతాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. దుమ్ము పట్టి, పాదాల రాపిడికి మాసిపోతే ఈ శాతం పడిపోతుంది. అందుకే ఒకసారి వేసి వదిలేస్తే కుదరదు. నీళ్లు చల్లితే ఆవిరి వేడిని లాక్కుంటుంది, కానీ మే ఎండలో ఆ తడి ఆరడానికి కొద్ది నిమిషాలు చాలు. వీటిలో ఎక్కువ కాలం నమ్మదగ్గది నీడే, చలువ పందిరి వేసిన చోట ఎండ నేల దాకా రానే రాదు.

## చెమట, కుండ, కూలర్

విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరం కూడా దాదాపు 100 వాట్ల వేడిని పుట్టిస్తూ ఉంటుంది. అది బయటికి పోతూ ఉండాలి. చర్మం ఉష్ణోగ్రత 34, 35 డిగ్రీలు. చుట్టూ గాలి 28 ఉంటే వేడి తనంతట తానే గాలిలోకి పోతుంది. గాలి 41 ఉంటే దారి తిరగబడి, బయటి వేడి ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మిగిలిన ఒకే దారి చెమట ఆవిరి కావడం.

అలిపిరి మెట్లదారి ఈ లెక్కకు మంచి ఉదాహరణ. మెట్లు 3,550, దూరం సుమారు తొమ్మిది కిలోమీటర్లు. 60 కిలోల మనిషి ఎనిమిది వందల మీటర్లు పైకెక్కడానికి చేసే పని సుమారు 470 కిలోజౌళ్లు. కండరాలు తాము వాడే శక్తిలో పావువంతునే పనిగా మార్చగలవు. మిగతా మూడు వంతులు, అంటే 1,400 కిలోజౌళ్లు ఒంట్లో వేడిగా మిగులుతాయి. దాన్ని చెమటతోనే వదిలించుకోవాలంటే కనీసం 600 మిల్లీలీటర్లు ఆవిరి కావాలి. ఇది ఎత్తు ఎక్కడానికి మాత్రమే. నడక దూరం, ఎండ, శరీరం మామూలుగా పుట్టించే వేడి దీనికి అదనం. పైగా ఆవిరైన చెమటే లెక్కలోకి వస్తుంది. చొక్కా తడిపి, గడ్డం మీదుగా కారి మెట్టు మీద పడిన చుక్క నీళ్లనూ ఉప్పునూ తీసుకుపోయింది తప్ప ఒంటిని చల్లబరచలేదు. తెల్లవారుజామున ఎక్కమని చెప్పే సలహా వెనక ఉన్న గణితం ఇంతే.

చెమట ఎంత త్వరగా ఆవిరవుతుందో గాలిలోని తేమ నిర్ణయిస్తుంది. దీన్ని ఒకే అంకెలో చెప్పే పాత పద్ధతి ఒకటుంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది ఎంత దాకా దిగుతుందో చూడటం. దీన్ని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. చెమట పట్టిన శరీరమూ ఒక రకంగా తడిగుడ్డ చుట్టిన బల్బే.

ఒకే మధ్యాహ్నం చిత్తూరులో 41 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం ఉందనుకుందాం. సముద్రగాలి తగిలే సూళ్లూరుపేట వైపు 36 డిగ్రీలు, తేమ 65 శాతం. వార్తల్లో చిత్తూరే పైన ఉంటుంది. తడి బల్బు అంకె మాత్రం చిత్తూరుకు సుమారు 25, సూళ్లూరుపేటకు సుమారు 30. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా తట్టుకోలేని సిద్ధాంతపరమైన హద్దు 35 అని చెబుతారు. యువకుల మీద ప్రయోగశాలలో చేసిన పరీక్షల్లో 31 దగ్గరే శరీరం అదుపు తప్పడం మొదలైంది. ఫోన్‌లోని ‘ఫీల్స్ లైక్’ ఈ తేమనే కలిపి చెబుతుంది. ఈ ఉదాహరణలో అది చిత్తూరుకు 42, 43 దగ్గర, సూళ్లూరుపేటకు 50 దాకా చూపిస్తుంది. అది సూత్రంతో కట్టిన పోలిక అంకె. అక్కడ గాలి నిజంగా 50 లేదు. కానీ ఆ ఉక్కపోతలో పనిచేసే కూలీకి ప్రమాదం చిత్తూరు ఎండలో కంటే తక్కువేమీ కాదు.

మట్టికుండ, కూలర్ రెండూ నడిచేది ఇదే సూత్రం మీద. కుండ గోడలోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఊరి పైన ఆవిరవుతూ లోపలి నీటిలోని వేడిని లాగుతుంది. అందుకే పెయింట్ వేసిన అందమైన కుండలో నీళ్లు చల్లబడవు. కూలర్ ఎంత మంచిదైనా గాలిని తడి బల్బు అంకె కంటే కిందికి దించలేదు. మంచి ప్యాడ్ ఉన్న కూలర్ ఆ దారిలో మూడొంతుల దూరం వెళుతుంది. పై ఉదాహరణలో చిత్తూరు ఇంట్లో 41 నుంచి 29కి దించుతుంది, సూళ్లూరుపేటలో 36 నుంచి 32 దగ్గర ఆగిపోతుంది, అదీ మరింత తేమను గదిలోకి కొట్టి. కూలర్ కంపెనీని తిట్టుకోవడంలో అర్థం లేదు. ఒక పొరపాటు మాత్రం పొడి ఊళ్లలోనూ జరుగుతుంది. ఏసీలాగే అనుకుని తలుపులు, కిటికీలు మూసి కూలర్ వేస్తారు. అరగంటలో గది తేమతో నిండి జిడ్డు మొదలవుతుంది. కూలర్‌కు వెనక పొడిగాలి రావాలి, ముందు తడిగాలి పోవడానికి కిటికీ తెరిచి ఉండాలి.

ఫ్యాన్ గాలిని అసలు చల్లబరచదు. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాన్ తన మోటారు వేడిని గదిలోనే కలుపుతుంది. దాని మేలంతా చర్మం చుట్టూ పేరుకున్న తడిగాలిని తోసేసి చెమట ఆరనివ్వడమే. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని వేడెక్కిస్తుందని, అప్పుడు దాన్ని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చెమట తక్కువ పట్టే వృద్ధుల విషయంలో ఇది మరీ ముఖ్యం. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటూ ఫ్యాన్ కింద ఉంటే పరిస్థితి మారుతుంది. చెమట చేయాల్సిన పని ఆ నీరు చేస్తుంది.

## రాత్రి మిద్దె వదిలే సెగ

పగటి అంకె మీద ఉన్న ధ్యాస రాత్రి అంకె మీద ఉండదు. వైద్యపరంగా చూస్తే రాత్రిదే ఎక్కువ పట్టించుకోవలసినది, ఎందుకంటే పగలంతా అలసిన గుండె కోలుకునే సమయం అదే.

అయిదంగుళాల కాంక్రీటు స్లాబు పైభాగం మధ్యాహ్నం కాలితే, ఆ సెగ అడుగుకు చేరడానికి నాలుగు గంటల దాకా పడుతుంది. సాయంత్రం ఆరేడు గంటలకు బయట చల్లబడుతుంటే ఇంట్లో ఫ్యాన్ కింద వేడిగాలి తగిలేది ఇందుకే. వంద చదరపు మీటర్ల మిద్దె 15 డిగ్రీలు వేడెక్కితే అందులో నిల్వ ఉండే వేడి సుమారు 110 యూనిట్ల కరెంటుకు సమానం. అది రాత్రంతా కొంత ఆకాశంలోకి, కొంత పడకగదిలోకి దిగుతుంది. సాయంత్రం మిద్దె తడపడం పనిచేస్తుంది. వంద లీటర్లు పూర్తిగా ఆవిరైతే 60 యూనిట్లకు పైగా వేడి పోతుంది. కానీ మేలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీల్లో ఈ సలహా ఇవ్వడం కష్టం. మార్చిలోనే మిద్దెకు సున్నమో తెల్ల పూతో వేస్తే వేడి లోపలికి చేరకముందే చాలావరకు ఆగుతుంది, నీళ్ల ఖర్చూ ఉండదు.

వేడిని పోగొట్టుకోవడానికి ఇంటికి ఆకాశం కనిపించాలి. నేల, గోడలు రాత్రి పూట కంటికి కనబడని పరారుణ కిరణాలతో చల్లబడతాయి. తెరిపి మైదానంలో ఆ కిరణాలు నేరుగా పైకి పోతాయి. గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న ఇరుకు వీధుల్లో ఒక గోడ విడిచిన కిరణాలు ఎదుటి గోడకే తగులుతాయి. కొండ రాళ్ల సెగ ఊరి మీదికి వస్తుందని తిరుపతిలో చాలామంది అంటారు. కాలిన రాతి చరియలు రాత్రి వేడిని విడుస్తాయన్నది నిజమే, కానీ ఆ ప్రభావం కొండ అంచున ఉన్న వీధులు దాటి ఎక్కువ దూరం రాదు. ఊరి నడుమ ఉండేవారికి ఎక్కువ వేడి ఇచ్చేది చుట్టూ ఉన్న కాంక్రీటు, తారు, ఏసీల బయటి యూనిట్లే. పూర్తి సామర్థ్యంతో నడిచే ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు అయిదు యూనిట్ల పైచిలుకు వేడిని గదిలోంచి లాగి, తాను వాడిన కరెంటు వేడితో కలిపి దాదాపు ఏడు యూనిట్లను వీధిలో పోస్తుంది. ఇల్లు చల్లబడిన మేర వీధి అంతకు మించి వేడెక్కుతుంది.

లాడ్జీలు, అపార్టుమెంట్లు పెరిగే కొద్దీ ఈ రాత్రి లెక్కే ముందుగా మారుతుంది. పగటి గరిష్ఠాన్ని పొడి నేల, ఎండ, గాలి దిశ నిర్ణయిస్తాయి. కనిష్ఠాన్ని నిర్ణయించడంలో ఊరి వాటా ఎక్కువ. వాతావరణ శాఖ దీనికి విడిగా ఒక హెచ్చరిక పెట్టింది. పగలు 40 డిగ్రీలు లేదా అంతకు మించి ఉన్న చోట రాత్రి కనిష్ఠం మామూలు కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే దాన్ని ‘వెచ్చని రాత్రి’గా, అంతకు మించితే ‘తీవ్ర వెచ్చని రాత్రి’గా ప్రకటిస్తుంది. ఇంట్లో వృద్ధులో పసిపిల్లలో ఉంటే బులెటిన్‌లో వెతకాల్సిన వరుస అది. సాధారణంగా గరిష్ఠానికి కిందే ఉంటుంది.